ప్రోటీన్‌ను స్ఫటికంగా కట్టించి దాని నిర్మాణం చూసే ప్రాజెక్టుకు మామూలు ప్రోటీనా, వేడికి ఓర్చే ప్రోటీనా? ఏది మేలు?

కడపలో మా ఎమ్మెస్సీ పిల్లలు ఏటా నన్నడిగేది ఇదే. నా ఓటు ఎక్కువగా వేడికి ఓర్చేదానికే.

మొదటి కారణం శుద్ధి. వేడినీటి సూక్ష్మజీవి జన్యువును ఈ-కోలై అనే మామూలు బ్యాక్టీరియాలో పెట్టి ప్రోటీన్ తయారు చేయిస్తాం. కణాలు పగలగొట్టిన ద్రవాన్ని 70 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే ఈ-కోలై సొంత ప్రోటీన్లు చాలావరకు పాలలా విరిగిపోతాయి. సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పితే అవి అడుగున పడి, మనకు కావలసింది తేటలో మిగులుతుంది. మామూలు ప్రోటీన్‌ను మొదటి నుంచీ చల్లగా కాపాడుకోవాలి. ఒక మే నెలలో రాత్రంతా కరెంటు లేక పిల్లల రెండు వారాల కష్టం పాడైంది. ఆ పొద్దున వాళ్ల ముఖాలు ఇంకా గుర్తున్నాయి.

స్ఫటికం కట్టడంలో మాత్రం వేడి ప్రోటీన్ గెలుస్తుందని చెప్పలేను. అణువుల పైభాగాలు ఒకదానికొకటి ఎలా తగులుతాయన్నదే అక్కడ ముఖ్యం. కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అనే మామూలు ప్రోటీన్ ఉప్పు ద్రావణంలో సులభంగా స్ఫటికమవుతుంది. చేయి తిరగడానికి మొదట అదే పట్టుకోమంటాను.

అసలు సంగతి నిర్మాణంలో ఉంది. ఇటలీలోని వల్కానో దీవి దగ్గర దొరికిన పైరోకాకస్ ఫ్యూరియోసస్ అనే సూక్ష్మజీవి 100 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. దాని గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ మరిగే నీళ్లలో గంటల తరబడి నిలుస్తుంది. మామూలు వేడిలో బతికే క్లాస్ట్రిడియం సింబియోసమ్ బ్యాక్టీరియాలోని అదే ఎంజైమ్ అంతకంటే ఎంతో తక్కువ వేడికే చెడిపోతుంది. రెండింటిలోనూ ఆరేసి భాగాలు, మడతలూ దాదాపు ఒకటే. 1995లో నిర్మాణాలను పోల్చినప్పుడు తేడా ఆ భాగాలు కలిసే అతుకుల దగ్గర కనిపించింది. వేడిదానిలో ప్లస్, మైనస్ విద్యుదావేశాలున్న అమైనో ఆమ్లాలు వలలా అల్లుకున్నాయి, ఒక్క వలలోనే 18. మన కడప బండలతో రెండు గోడలు కట్టి, ఒకదానికే సందుల్లో గట్టిగా బిగింపు వేసినట్టు.

ఆ బిగింపుకు ఖరీదూ ఉంది. మామూలు గది వేడిలో ఇలాంటి ఎంజైమ్ మందకొడిగా పనిచేస్తుంది. వేడిచేసి కొలుద్దామంటే ఎంజైమ్ పనికి తోడుగా కావలసిన ఎన్‌ఏడీపీహెచ్ లాంటి అణువులు ముందే చెడిపోతాయి. అందుకే పనితీరు కొలిచే ప్రాజెక్టయితే మామూలు ప్రోటీనే తీసుకోమంటాను. స్థిరత్వమే ప్రశ్న అయితే పైపెట్ ముట్టకముందే ప్రోటీన్ నిర్మాణాలు దాచే ఆన్‌లైన్ భాండారం ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో ఉచితంగా దొరికే ఆ రెండు నిర్మాణాలనూ పక్కపక్కన తెరిచి, అతుకుల దగ్గర ఒక సాయంత్రం గడపండి.