కొలంబోనా, జెస్సికా ఫ్లెచరా: ఇంటిల్లిపాదీ చూడటానికి ఏ హత్య కథ మేలు?

పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి కూర్చుని చూడదగిన హత్య కథలు టీవీలో అరుదు. నెత్తురు చూపకుండా, జడిపించకుండా, హంతకుడు ఎలా దొరుకుతాడన్న కుతూహలం మీదే కథంతా నడపడం తేలిక పని కాదు. ఆ విద్య బాగా తెలిసిన అమెరికన్ సీరియళ్లు నా దృష్టిలో రెండు: కొలంబో అనే పోలీసు డిటెక్టివ్ కథల ‘కొలంబో’, జెస్సికా ఫ్లెచర్ అనే నవలా రచయిత్రి హత్యల ముడి విప్పే ‘మర్డర్, షీ రోట్’. చెన్నైలో మా బంధువుల్లోనో, పెరంబూరు తెలుగు స్నేహితుల్లోనో ఎవరైనా వీటిని కొత్తగా చూడబోతున్నారంటే, ఏ ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలన్న చర్చ తప్పకుండా వస్తుంది. నేను 1971 సెప్టెంబరు 15న అమెరికాలో ఎన్‌బీసీ ప్రసారం చేసిన కొలంబో ఎపిసోడ్ ‘మర్డర్ బై ది బుక్’ పక్షాన ఉంటాను. దానికి దీటుగా నిలబెట్టవలసింది 1984 సెప్టెంబరు 30న సీబీఎస్‌లో వచ్చిన జెస్సికా ఫ్లెచర్ తొలి కథ ‘ద మర్డర్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్’.

ఈ రెంటినీ పోల్చడం న్యాయమే, ఎందుకంటే రెండు సీరియళ్ల పుట్టుకలోనూ ఒకే జంట ఉంది. రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ ఫిలడెల్ఫియాలో బడి రోజుల నుంచి స్నేహితులు, జీవితమంతా కలిసి రాసినవారు. కొలంబో పాత్రను వాళ్లు 1960లోనే ఒక టీవీ నాటకంలో ప్రవేశపెట్టారు. అప్పుడు వేసిన నటుడు వేరు, పీటర్ ఫాక్ కొలంబోగా ఆ నలిగిన కోటు తొడుక్కున్నది 1968లో. హంతకుణ్ణి మొదటే చూపించే ఆ పద్ధతి ఘనవిజయం సాధించాక, 1975లో పీటర్ ఫిషర్‌తో కలిసి దానికి పూర్తిగా ఎదురు పద్ధతిలో ‘ఎలరీ క్వీన్’ సీరియల్ తీశారు. అందులో కథానాయకుడు చివరి ఘట్టానికి ముందు నేరుగా ప్రేక్షకుల వైపు తిరిగి, ఆధారాలన్నీ మీరూ చూశారు కదా, హంతకుడెవరో చెప్పండి అని అడిగేవాడు. అది ఒక్క సీజనుతో ఆగిపోయింది. ఆ ముగ్గురే మళ్లీ కలిసి, పజిల్ పట్టు కాస్త సడలించి, నడుమ ఒక ఆత్మీయమైన మనిషిని కూర్చోబెట్టి 1984లో జెస్సికాను తెచ్చారు. ఆ సీరియల్ 12 సీజన్లు, 264 ఎపిసోడ్లు నడిచింది. అంటే కథ దాచి చెప్పడం మేలా, విప్పి చెప్పడం మేలా అన్న ప్రశ్నను వాళ్లే రెండు వైపుల నుంచీ పరీక్షించి చూశారు.

‘మర్డర్ బై ది బుక్’ హంతకుడు ఎవరో ఇక్కడ నిస్సంకోచంగా చెప్పవచ్చు. చెప్పినా ఎపిసోడ్ రుచి తగ్గదు. కెన్ ఫ్రాంక్లిన్, జిమ్ ఫెరిస్ అనే ఇద్దరు జంటగా డిటెక్టివ్ నవలలు రాసి పేరు గడిస్తారు. నిజానికి రాసేదంతా జిమ్. కెన్ ఇంటర్వ్యూలిచ్చి, విందులకు వెళ్లి, డబ్బు ఖర్చుపెట్టే మనిషి. జిమ్ విడిగా రాసుకుంటానన్నప్పుడు కెన్ అతన్ని కారెక్కించుకుని శాన్ డియాగో దగ్గర తన విడిదికి తీసుకువెళతాడు. అక్కడి నుంచే జిమ్ చేత అతని భార్యకు ఫోన్ చేయించి, ఇంకా ఆఫీసులోనే పని చేసుకుంటున్నానని చెప్పిస్తాడు. ఆ మాటల మధ్యలోనే తుపాకీ పేలుతుంది. హత్య లాస్ ఏంజెలెస్ ఆఫీసులో జరిగిందని భార్య నమ్ముతుంది, ఆ సమయానికి కెన్ ఎక్కడో దూరాన ఉన్నట్టు లెక్క.

దీనికి దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్. అప్పటికి ఆయనకు ఇంకా 25 నిండలేదు. తొలి దృశ్యంలో జిమ్ ఎత్తయిన భవనంలో కూర్చుని టైపు చేస్తుంటాడు, కెన్ కారు దూరం నుంచి వస్తుంటుంది, మనకు వినిపించేది మాత్రం టైపురైటర్ టకటక ఒక్కటే. వీధి చప్పుడు గానీ కారు మోత గానీ ఉండవు. ఆ మనిషి ఆ గదికి చేరేసరికి ఏదో జరగబోతోందన్న సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఆ తర్వాత కెన్ లైటరు మరిచిపోయానంటూ మేడ మీదికి వెళ్లి ఆఫీసును చిందరవందర చేసి రావడం వంటివన్నీ కంటికి కనబడే పనులే. కొలంబో చాలాసేపటి దాకా తెర మీదికే రాడు.

మాబోటి ఇళ్లలో ఇదే పెద్ద లాభం. మా అత్తగారికి తెలుగు, తమిళం ధారాళంగా వచ్చు గానీ ఇంగ్లీషు అంతంతమాత్రం. తెర కింద వచ్చే అక్షరాలు ఆమె చదివేలోగా మారిపోతాయి. అయినా ఈ ఎపిసోడ్‌లో హత్య ఎలా జరిగిందో ఎవరూ విడమరిచి చెప్పకుండానే ఆమెకు పూర్తిగా అర్థమైంది. శవాన్ని కారులో తెచ్చి తన ఇంటి పచ్చిక మీదే పడేసి, పోలీసులను పిలిచిన కెన్, ఆ గందరగోళంలోనే తనకు వచ్చిన ఉత్తరాలూ బిల్లులూ విప్పి చూసుకుంటాడు. కొలంబో ఆ సంగతి ఎత్తగానే మా అత్తగారు నా వైపు తిరిగి, “చూశావా అమ్మాయ్, వాకిట్లో స్నేహితుడి శవం పెట్టుకుని ఎవరైనా బిల్లులు చూసుకుంటారా? చంపినవాడికే అంత నిబ్బరం ఉంటుంది” అన్నారు. ఆధారం అంటే ఇలా ఉండాలని నాకు అనిపిస్తుంది: ప్రయోగశాల నుంచి వచ్చే నివేదిక కాదు, నాలుగు చావులూ నాలుగు పెళ్లిళ్లూ చూసిన మనిషి పట్టేయగల అసహజత్వం.

జెస్సికా కథకు వస్తే, హంతకుడి పేరు నేను చెప్పను. చెబితే ఆ ఎపిసోడ్ సగం పోతుంది. మెయిన్ రాష్ట్రంలో కాబట్ కోవ్ అనే ఊహా పట్టణంలో రిటైరైన ఇంగ్లీషు టీచరు, భర్త పోయిన మనిషి, ఊసుపోక రాసుకున్న నవల మేనల్లుడు గ్రేడీ చొరవతో అచ్చయి, ఆమెను న్యూయార్క్ రప్పిస్తుంది. పబ్లిషరు తన బంగళాలో ఇచ్చిన వేషాల విందులో షెర్లాక్ హోమ్స్ దుస్తుల్లో ఉన్న ఒకడు ఈతకొలనులో శవమై తేలతాడు. అనుమానం గ్రేడీ మీదికి మళ్లుతుంది. ఇక అక్కడి నుంచి జెస్సికా ఎవరితో మాట్లాడుతున్నా మనం ఆ మనిషి ముఖం వైపే చూస్తాం.

ఈ పద్ధతిలోని ఆనందాన్ని తక్కువ చేయలేను. ఆడపడుచు పిల్లలు వచ్చిన రోజున ఒక్కొక్కరు ఒక్కో పేరు కాగితం మీద రాసి, మడిచి, టీవీ కింద పెట్టారు. ఎపిసోడ్ సాగుతున్నంతసేపూ ఒకరి కాగితం మీద ఇంకొకరి వాదన. కొలంబోతో ఆ ఆట కుదరదు. పైగా జెస్సికా పాత్ర వేసిన ఏంజెలా లాన్స్‌బరీకి సీరియల్ మొదలైనప్పుడు 58 ఏళ్లు. ఆ వయసు స్త్రీని వంటింటికీ పూజగదికీ పరిమితం చేయకుండా, ఆమె తెలివినే కథకు ఇరుసుగా చేసిన సీరియళ్లు అప్పుడు తక్కువ, మన భాషలో ఇప్పటికీ తక్కువే. ఆ పాత్రకు ఆమె 12 సార్లు అమెరికా టీవీ బహుమతి అయిన ఎమ్మీకి నామినేషన్ పొందినా ఒక్కసారీ బహుమతి రాలేదన్నది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అయితే జెస్సికా కథల్లో ముడి చాలాసార్లు నోరు జారిన మాట దగ్గర విడుతుంది: చంపినవాడికి తప్ప మరెవరికీ తెలియని వివరం ఒకటి, మామూలు సంభాషణలో అలవోకగా దొర్లిపోతుంది. ఇంగ్లీషు చెవికి బాగా పట్టినవాళ్లకు అది పసందుగా ఉంటుంది. పక్కనున్న పెద్దవాళ్లకు తెలుగులో చెబుతూ చూసేటప్పుడు మాత్రం చిక్కు వస్తుంది, ఎందుకంటే చెప్పేవాళ్లు సారాంశం చెబుతారే గానీ ఆ ఒక్క వివరాన్ని పట్టి చెప్పరు. చివర్లో జెస్సికా గుర్తు చేసినప్పుడు, “అది నాకు చెప్పలేదే” అన్న నిష్ఠూరం వినవలసి వస్తుంది. మూడు భాషల మధ్య బతికే చెన్నై తెలుగు కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ఇక హాస్యం మాట. చావు పక్కన నవ్వు పుట్టించాలంటే ఆ నవ్వు ఎవరి మీద పడుతోందో చూసుకోవాలి. కొలంబోలో అది ఎప్పుడూ హంతకుడి అహంకారం మీదే పడుతుంది. నలిగిన కోటు, పాత ప్యూజో కారు, వెళ్లిపోతున్నట్టే వెళ్లి గుమ్మం దగ్గర వెనుదిరిగి అడిగే మరొక్క ప్రశ్న చూసి కెన్ అతన్ని చులకన చేస్తాడు. కెన్‌గా వేసిన జాక్ కాసిడీ ముఖంలోని ఆ తీయని చిరునవ్వు ఒక్కో సందర్శనకూ ఒక్కో పాలు తగ్గుతూ రావడమే ఈ ఎపిసోడ్‌లోని అసలు వినోదం. భర్తను పోగొట్టుకున్న జిమ్ భార్య జోవానాను ఇంటికి దిగబెట్టిన కొలంబో, వంటింట్లోకి వెళ్లి గుడ్లు కొట్టి ఆమ్లెట్ వేసి పెడతాడు. నవ్వు వస్తుంది, కానీ అది ఆమె దుఃఖాన్ని చిన్నబుచ్చదు. ఆకలి మరిచిన మనిషికి ఎవరో ఇంత తినిపించాలి కదా అన్న ఇంగితం అందులో ఉంది. జెస్సికా కథలోనూ మర్యాద ఉంది, ముగింపులో ఆమె ముఖం మీద కనిపించే వేదన నిజమైనదే. అయితే హాస్యం ఎక్కువగా చుట్టూ ఉన్న అనుమానితుల చిత్రవిచిత్ర వేషాల నుంచి వస్తుంది, అవి ఒకసారి చూశాక రెండోసారికి పలచబడతాయి.

కొలంబో ఎపిసోడ్‌లో లోపాలు లేవనను. దుకాణం నడిపే లిల్లీ అనే ఒంటరి స్త్రీ కెన్ కారులో జిమ్‌ను చూసి, ఆ సంగతి అడ్డం పెట్టుకుని డబ్బడిగి, తానూ ప్రాణం పోగొట్టుకుంటుంది. ఆ రెండో హత్య కథలోని తేలికదనాన్ని కాసేపు చెదరగొడుతుంది. చివర్లో కొలంబో చూపే ఆధారం, అంటే ఇదే హత్య పథకాన్ని జిమ్ ఎప్పుడో కాగితం మీద రాసిపెట్టుకున్నాడన్నది, కోర్టులో నిలబడుతుందని నేను అనుకోను. కానీ ఆ తర్వాత కెన్ చెప్పే మాట అన్నిటినీ సరిచేస్తుంది: ఆ ఆలోచన తనదేనట, జీవితంలో తనకు తట్టిన ఒకే ఒక మంచి ఆలోచన అదేనట, దాన్ని జిమ్ రాసిపెట్టుకుంటాడని అనుకోలేదట. ఒక్క వరుసా సొంతంగా రాయలేనివాడు తనదైన ఒకే ఒక్క కథ వల్ల పట్టుబడటం కన్నా మంచి ముగింపు ఈ తరహా కథల్లో నాకు తారసపడలేదు.

మధ్యేమార్గంగా ‘మంక్’ అనే మరో డిటెక్టివ్ సీరియల్ పేరు చెప్పేవాళ్లున్నారు. మంక్‌గా టోనీ షలూబ్ నటన గొప్పదే. కానీ అక్కడ నవ్వంతా ఆ మనిషి భయాల మీదా, భార్యను పోగొట్టుకున్న బాధతో పెనవేసుకున్న అలవాట్ల మీదా నడుస్తుంది కనుక, దాన్ని పిల్లలతో మొదటి వారమే చూడటం నాకు ఇష్టం లేదు.

వ్యవధి కూడా చూసుకోవాలి. ‘మర్డర్ బై ది బుక్’ గంటంబావు, జెస్సికా తొలి కథ గంటన్నర, ఆమె మామూలు ఎపిసోడ్లు ముప్పావుగంట. మర్నాడు పిల్లలకు బడి ఉండి, భోజనాలు ఆలస్యమైన రాత్రి అయితే జెస్సికా మామూలు ఎపిసోడ్ పెట్టుకోవడమే మేలు. ఆదివారం సాయంత్రం ఆరింటికే అందరూ కుదురుగా కూర్చోగలిగితే మాత్రం కొలంబోతో మొదలుపెట్టండి. తొలి పావుగంటలో ఎవరినీ వంటింట్లోకి పంపకుండా కాఫీలు ముందే కానిచ్చేయండి, ఎందుకంటే తర్వాత కొలంబో పట్టుకునేవన్నీ హంతకుడు ఆ కాసేపట్లో చేసిన పనులే.