సీమ్యాప్ పాసై నాలుగేళ్లు: ఇంగ్లండ్‌లో మార్ట్‌గేజ్ అడ్వైజర్ కావాలనుకునేవాళ్ల కోసం నా సమీక్ష

మార్ట్‌గేజ్ అడ్వైజర్ ఉద్యోగం వచ్చిందని ఫోన్లో చెప్పగానే మా నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే జనం చేత ఇళ్లు తాకట్టు పెట్టిస్తావా?" అన్నారు. ఆయన తప్పేం లేదు. మన వైపు ఇల్లు కొనడానికి తెచ్చుకునేది హోమ్ లోన్, ఉన్న ఇంటి మీద తెచ్చుకునేది మార్ట్‌గేజ్ లోన్. మొదటిది ఊరంతా చెప్పుకుంటాం, రెండోది పక్కింటికి కూడా తెలియనివ్వం. ఇక్కడ రెండింటికీ ఒకటే మాట.

నాకు ఈ పని కొత్త కాదు. నా మొదటి ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. విజయవాడలో ఆరేళ్లు హోమ్ లోన్ ఫైళ్లు లాగిన్ చేశాను, దానికి ఏ పరీక్షా రాయలేదు. 2020 చివర్లో మా ఆవిడ ఎన్‌హెచ్‌ఎస్‌లో నర్సుగా రెడింగ్ వచ్చింది. ఆమె వెనకాల నేను డిపెండెంట్ వీసా మీద దిగాను. గోదాంలో రాత్రి షిఫ్టులు చేస్తూ తెలుసుకున్నదేమంటే, ఇక్కడ ఎదుటి మనిషికి "మీకు ఈ లోన్ మంచిది" అని సలహా చెప్పాలంటే ఎఫ్‌సీఏ అనే నియంత్రణ సంస్థ ఒప్పుకునే అర్హత ఉండాలి. ఎక్కువమంది రాసేది సీమ్యాప్ అనే పరీక్ష. వేరే సంస్థలవీ ఉన్నాయి, సీఐఐ (చార్టర్డ్ ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్) వాళ్ల సర్టిఫికెట్ కూడా చెల్లుతుంది. కానీ ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే పేరు ఇదే కాబట్టి నేను ఇదే రాశాను.

పరీక్ష సంగతి ముందు చెప్పేస్తాను. మూడు మాడ్యూళ్లు, అన్నీ ఆబ్జెక్టివ్ ప్రశ్నలే, 70 శాతం వస్తే పాస్. మొదటిదాంట్లో వంద ప్రశ్నలు, అవీ యాభై చొప్పున రెండు యూనిట్లు. అందులో లోన్ల గురించి ఉండేది తక్కువ. పన్నులు, నేషనల్ ఇన్సూరెన్స్, పెన్షన్లు, ప్రభుత్వ భృతులు, మనీ లాండరింగ్, నియంత్రణ చట్టాలు ఉంటాయి. రెండోది అచ్చంగా మార్ట్‌గేజ్‌ల మీద వంద ప్రశ్నలు. మూడోదాంట్లో ఆరు కేసులు ఇస్తారు, ఒక్కో కేసుకి పది ప్రశ్నలు. దీని స్థాయి లెవెల్ 3, అంటే సుమారుగా మన ఇంటర్ అనుకోండి. "ఎంకాం చదివినవాడికి ఇంటర్ పరీక్షా?" అనుకుని మొదటి మాడ్యూల్‌కి మూడు వారాలే చదివాను. నియంత్రణ యూనిట్‌లో యాభైకి 33 వచ్చాయి. 35 కావాలి.

ఆ రోజు ఇంకా గుర్తుంది. పరీక్ష కేంద్రంలో జేబులు బయటికి తీసి చూపించమన్నారు, చొక్కా చేతులు పైకి మడవమన్నారు, వాచీ లాకర్లో పెట్టించారు. అయిపోయి బయటికి రాగానే కాగితం చేతిలో పెట్టారు. రెండు మార్కులు! ఇంటికి బస్సులో కాకుండా నడిచి వెళ్లాను, ఆవిడకి ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి. ఆమె నైట్ డ్యూటీ చేసి పడుకుని ఉంది. లేచి కాగితం చూసి "మళ్లీ రాయి" అని తిరిగి పడుకుంది.

తప్పడానికి కారణం చెప్పాలి, మన దేశంలో ఈ పని చేసొచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే జారుతున్నారు. మనకి తెలిసింది ఈ పరీక్షకి అడ్డం. అక్కడ హోమ్ లోన్ అంటే చాలావరకు ఫ్లోటింగ్ రేటు, రిజర్వ్ బ్యాంకు రెపో రేటుతో పాటు కదులుతుంది, చేతిలో డబ్బులున్నప్పుడు ముందే కట్టేసినా పెనాల్టీ లేదు. ఇక్కడ ఎక్కువమంది రెండేళ్లకో ఐదేళ్లకో రేటు ఫిక్స్ చేసుకుంటారు. ఆ గడువు లోపల తీర్చేస్తే చార్జీ పడుతుంది, మామూలుగా ఏడాదికి పది శాతం దాకా మాత్రమే అదనంగా కట్టనిస్తారు. ఇలాంటివి తెలుసని పేజీలు తిప్పేశాను, ప్రశ్నలో "సాధారణంగా" అన్న ఒక్క మాట దగ్గర పడిపోయాను. రెండోసారి ఒక్కో అధ్యాయం ఏమీ తెలియనివాడిలా చదివాను. 2021 అక్టోబరుకి మూడూ అయిపోయాయి. మూడోది అన్నిటికన్నా తేలిక. కేసులో మనుషులు ఉంటారు, జీతం, పిల్లలు, అప్పులు ఉంటాయి. విజయవాడ అనుభవం పనికొచ్చింది అక్కడ ఒక్కచోటే.

శిక్షణ కంపెనీల గురించి ఒక మాట. పరీక్షకి రిజిస్టర్ అయితే చదువుకునే సామగ్రి దాంతోపాటే వస్తుంది. అది చాలు, దానికి తోడు ఒక మంచి ప్రశ్నల బ్యాంకు కొనుక్కోండి. నేను ఆ పైన తొమ్మిది వందల పౌండ్లు పెట్టి ఒక ప్యాకేజీ తీసుకున్నాను, "ఉద్యోగం వచ్చేదాకా తోడుంటాం" అన్నారని. వాళ్ల వీడియోల్లో ఒకటి గడిచిన సంవత్సరం పన్ను శ్లాబులతో ఉంది. ఈ పరీక్షలో పన్ను లెక్కలు ఏటా మారతాయి, పాత అంకె పెడితే మార్కు పోయినట్టే. ఉద్యోగానికి తోడు అంటే ఒక సీవీ నమూనా, పది కంపెనీల పేర్లు. ఆ డబ్బు గోదాంలో ఎన్ని రాత్రులో లెక్కేసుకుని ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఇక అసలు విషయం. పరీక్ష పాసైతే మీరు అడ్వైజర్ అయిపోయారని ఎవరూ అనుకోరు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న, "క్యాస్ ఉందా?" క్యాస్ అంటే కంపెనీ మీ పని చూసి "ఇక ఇతన్ని వదిలేయొచ్చు" అని ఇచ్చే హోదా, కాంపిటెంట్ అడ్వైజర్ స్టేటస్. అది రావాలంటే ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం రావాలంటే అది ఉండాలంటారు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్నట్టు తయారైంది నా పరిస్థితి. నాలుగు నెలల్లో డెబ్బైకి పైగా అప్లికేషన్లు పెట్టాను. ఎస్టేట్ ఏజెన్సీ వాళ్లు ఫోన్లో కస్టమర్‌తో మాట్లాడినట్టు నటించి చూపమన్నారు, అవతలి మనిషి నా యాస మీద రెండుసార్లు "పార్డన్?" అన్నాక మూడోసారి నాకే మాట రాలేదు. ఒకచోట సొంతంగా పని చేసుకో, కమిషన్ పంచుకుందాం అన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ కొనుగోలు కేసులో ఫీజు చేతికొచ్చేది కస్టమర్‌కి తాళాలు వచ్చాకే. అప్లికేషన్ నుంచి అక్కడికి మూడు నెలలైనా పడుతుంది, అమ్మేవాళ్లు కూడా ఇంకో ఇల్లు కొనే వరసలో ఉంటే ఇంకా ఎక్కువ. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన లేనివాళ్లు ఆ దారిలోకి వెళ్లొద్దు.

ఇంకో సంగతి, చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు ఎక్కువగా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: స్పాన్సర్‌షిప్ ఇచ్చి కొత్త అడ్వైజర్ని తీసుకున్న కంపెనీ ఈ నాలుగేళ్లలో నా కంటపడలేదు. నాకు డిపెండెంట్ వీసా ఉంది కాబట్టి సరిపోయింది.

నాకు తలుపు తెరిచింది అడ్మిన్ ఉద్యోగం. 2022 ఫిబ్రవరిలో, ఒక కేకుల కొట్టు పైన మూడు గదుల బ్రోకర్ ఆఫీసులో, ఏడాదికి ఇరవై రెండు వేల పౌండ్ల జీతానికి చేరాను. లెండర్‌కి, అంటే అప్పిచ్చే బ్యాంకుకి, ఫోన్ చేసి నలభై నిమిషాలు హోల్డ్ సంగీతం వినడం, పేస్లిప్పులు, ఏడాది జీతం, పన్ను చూపే పీ60లు సరిచూడటం, సొంత వ్యాపారం ఉన్నవాళ్ల దగ్గర పన్ను శాఖ ఇచ్చే ఎస్‌ఏ302 తెప్పించడం. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. నా మటుకు నాకు మూడు మాడ్యూళ్లు చెప్పనిది ఆ ఏడు నెలలు చెప్పాయి. ఏ లెండర్ ఓవర్‌టైమ్‌ని సగమే లెక్కేస్తాడో, ఏ లెండర్‌కి వీసా మీద ఉన్నవాళ్లంటే భయమో పుస్తకంలో ఉండదు.

సెప్టెంబరులో ట్రైనీ అడ్వైజర్‌గా మార్చారు. రెండు వారాలు తిరక్కుండానే, 23వ తేదీ శుక్రవారం, అప్పటి ఆర్థికమంత్రి క్వాసీ క్వార్టెంగ్ మినీ బడ్జెట్ చదివాడు. దాంతో వడ్డీ రేట్లు ఎగబాకాయి, సోమవారం నుంచి లెండర్ల ఈమెయిళ్లు మొదలయ్యాయి: ఈ పథకం సాయంత్రం ఐదింటికి తీసేస్తున్నాం, ఇది నాలుగింటికి. ముందస్తు ఆమోదం ఒక్కటే ఉంటే పాత రేటు దక్కదు, పూర్తి అప్లికేషన్ పడితేనే రేటు మనది. ఆ వారం రాత్రి పదకొండు దాకా కేకుల వాసనలో కూర్చుని టైప్ చేశాం. అక్టోబరు మొదట్లో రెండేళ్ల ఫిక్స్‌డ్ సగటు రేటు ఆరు శాతం దాటింది. ఒక జంట పేస్లిప్పు ఒక్క రోజు ఆలస్యంగా పంపారు. వాళ్లకి ఫోన్ చేసి కొత్త వాయిదా చెప్పింది నేనే. అవతల చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

క్యాస్ వచ్చేదాకా మా ఆఫీసులో ప్రతి ఫైలూ సూపర్‌వైజరు చూశాకే ముందుకి కదులుతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న ఆవిడ. ఒక టాక్సీ డ్రైవర్‌కి ఐదేళ్ల ఫిక్స్ సూచిస్తూ, "కస్టమర్ స్థిరత్వం కోరుకున్నారు" అని రాశాను. ఫైలు వెనక్కి వచ్చింది. "ఎందుకు కోరుకున్నారు? అడిగావా?" అని ఒకే లైను. మళ్లీ ఫోన్ చేశాను. భార్య కడుపుతో ఉందని, కాన్పు తర్వాత రెండేళ్లు ఒక్క జీతమేనని, అప్పుడు వాయిదా పెరిగితే తట్టుకోలేమని చెప్పాడు. ఐదేళ్లలో ఇల్లు మారే ఆలోచన ఉందా అని కూడా అప్పుడే అడిగాను, మొదటిసారి అడగడం మర్చిపోయాను. అడక్కుండా ఐదేళ్లు కట్టేసి ఉంటే, మారాల్సి వచ్చినప్పుడు ముందే తీర్చినందుకు పడే చార్జీ అతని నెత్తిన పడేది. 2023 జూన్‌లో క్యాస్ ఇచ్చారు. మరుసటి నెలాఖరునే కస్టమర్‌కి మంచి జరిగేలా చూడాలనే ఎఫ్‌సీఏ కన్స్యూమర్ డ్యూటీ నిబంధనలు అమల్లోకి వచ్చాయి, అప్పటి నుంచి అందరి ఫైళ్లకీ ఆ ప్రశ్నే.

ఇప్పుడు నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది మనవాళ్లే. స్లౌ, రెడింగ్, మిల్టన్ కీన్స్. తెలుగులో మాట్లాడతాడని వస్తారు, "ఫీజు మనకి కూడానా అన్నా?" అని అడుగుతారు. కష్టమంతా డిపాజిట్ దగ్గర, అంటే ఇంటికి మన చేతి నుంచి ముందు పెట్టే డబ్బు దగ్గర. నాన్న స్థలం అమ్మి పంపిస్తారు. ఆ డబ్బు ఎలా వచ్చిందో లెండర్‌కీ, సొలిసిటర్‌కీ కాగితం మీద చూపించాలి. సేల్ డీడ్‌లో ఉన్నది ముప్పై లక్షలు, చేతికొచ్చింది యాభై. మిగతా ఇరవై సంగతి ఎలా చెప్పమంటారు? చెప్పలేం. ఆ ఇరవై ఇటు రాదు. ఒకసారి ఒక సొలిసిటర్ అనువాదం చదివి "ఐదు సెంట్లు అమ్మితే ఇంత డబ్బు ఎలా వచ్చింది?" అని అడిగింది. సెంటు అంటే ఎకరంలో నూరో వంతు అని ఈమెయిల్ రాశాను. ఆవిడ ఒక్క నవ్వు బొమ్మ పంపింది, ఫైలు కదిలింది.

డబ్బు సంగతి. ప్రకటనల్లో చెప్పే లక్ష పౌండ్లు నాకు రాలేదు. మా ఆవిడ జీతాన్ని నేను దాటింది నిరుడే. మార్ట్‌గేజ్‌తో పాటు ఇప్పించే లైఫ్ ఇన్సూరెన్స్ మీద కమిషన్ ముందే చేతికొస్తుంది కానీ అది మనది అనుకోవద్దు. కస్టమర్ మధ్యలో పాలసీ ఆపేస్తే కంపెనీ వెనక్కి లాగేసుకుంటుంది, నాకైతే ఒక నెల ఏడు వందల ఎనభై పోయాయి. మరోవైపు ఫిక్స్ అయిపోయే ప్రతివాళ్లూ రెండేళ్లకో ఐదేళ్లకో తిరిగొస్తారు. 2022 సెప్టెంబరు వారంలో రేటు దక్కించిన కస్టమర్లు 2024లో నాకే ఫోన్ చేశారు. ఆ పేస్లిప్పు ఆలస్యమైన జంట కూడా.

నా తీర్పు: పరీక్షకి పెట్టిన డబ్బు దండగ కాదు, ప్యాకేజీకి పెట్టింది దండగ. పాసైనవాళ్లు అడ్వైజర్ పోస్టు కోసమే కూర్చోకుండా అడ్మిన్‌కి కూడా పెట్టండి. ఫోన్లో మాట్లాడటం మీద, పరాయివాళ్ల జీతాలు అడగడం మీద మొహమాటం ఉన్నవాళ్లు ఈ పని జోలికి రాకపోవడం నయం. నా పాత పుస్తకం ఇవ్వమని చాలామంది అడుగుతున్నారు. అది 2021 పన్ను లెక్కలతో ఉంది, ఇవ్వను.