స్పానిష్ భాషాశాస్త్రం మేడం: నాలుగు సెమిస్టర్లు చదివాక మా మాట

ముందే చెప్పేస్తాం. స్పానిష్ గడగడా మాట్లాడటం వచ్చేస్తే ఎలక్ట్రానిక్ సిటీలోనో మాన్యతా టెక్ పార్కులోనో లాంగ్వేజ్ ఉద్యోగం కొట్టేయొచ్చని బెంగళూరు బండెక్కినవాళ్ళకి ఈ మేడం పేపర్లు సరిపడవు. నాలుగు సెమిస్టర్లూ ఆవిడ దగ్గర చదివిన తెలుగువాళ్ళం కొందరం కలిసి రాస్తున్నది ఇది. మాలో మాకే అన్నిట్లో ఏకాభిప్రాయం లేదు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట: ఈ రూపం ఎందుకిలా ఉందని అడిగితే "అదంతే, బట్టీ పట్టండి" అని ఆవిడ ఎప్పుడూ అనలేదు.

మొదటి సెమిస్టర్ మొత్తం ధ్వనులే. ఐపీఏ గుర్తులు, అంటే ఏ భాష ధ్వనినైనా రాసే అంతర్జాతీయ గుర్తులు, రెండు వారాల్లో చేతికి రావాలి. ఆ తర్వాత వారానికో పేజీ విని రాయాలి. తెలుగువాళ్ళకి ఇక్కడ సగం పని ముందే అయిపోయి ఉంటుంది. అచ్చులు ఐదే, ప త క లు కూడా మనలాగే గాలి వదలకుండా పలుకుతాయి. అయినా మార్కులు పోయేది ఇక్కడే. స్కూల్లో ఇంగ్లిష్ అక్షరాలు చదివిన అలవాటు కొద్దీ 'టి' కనబడగానే ట అనేస్తాం. స్పానిష్‌లో టమాటా 'తొమాతె', నాలుక పై పళ్ళకి తగలాలి. అలాగే 'బి', 'వి' అక్షరాలు రెండైనా ధ్వని ఒకటే. ఆవు 'బాకా' అవుతుంది, 'వాకా' కాదు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. బ, ద, గ లు చోటుని బట్టి గట్టిగానో మెత్తగానో పలుకుతాయి. మాట మొదట్లో ఆగి పలికినా, ముక్కుధ్వని తర్వాత వచ్చినా మూడూ గట్టివే. ద ఒక్కటి ల తర్వాత కూడా గట్టిదే. మిగతా చోట్లన్నీ మెత్తన. ఇది మాటకే కాదు, పక్క మాటతో కలిపి చూడాలి. 'లా బాకా'లో బ మెత్తన, రెండు పెదాలూ దగ్గరకొస్తాయి కానీ మూసుకోవు. చాలామంది అక్కడ మన వ పెట్టి గట్టెక్కాలని చూస్తారు. పై పళ్ళు కింది పెదవి దగ్గరికి పోయిన సంగతి మేడం వెనక బెంచీ నుంచే పట్టేస్తారు. అదే 'ఉన్ బాసో' (ఒక గ్లాసు) అన్నప్పుడు బ గట్టిది, పైగా దాని ముందున్న న కాస్తా మ అయిపోయి 'ఉమ్ బాసో' అవుతుంది. ఇలాంటి నాలుగు మాటల వాక్యం ఇచ్చి ఐదు మార్కుల ప్రశ్న అడుగుతారు. మాటల్ని విడివిడిగా రాసుకుంటూ పోయినవాడికి రెండు మార్కులు దాటవు.

ర సంగతీ అంతే. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. కర్ర, గుర్రం పలికే నోటికి రెండోది కష్టం కాదు. మరిచిపోయేది మాట మొదటి ర, ఇంకా న, ల, స ల తర్వాత వచ్చే ర. అక్షరం ఒకటే రాసినా అక్కడ నాలుక పలుసార్లు ఆడాలి. దీన్ని, ధ్వనిని తెరమీద గీతలుగా చూపే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలిపిస్తారు. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ళు తయారు చేసినది, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. రికార్డింగు వేవ్ ఫైలుగానే ఉండాలి. వాట్సాప్ వాయిస్ నోటు పంపితే కుదింపులో సన్నటి వివరాలు దెబ్బతింటాయి, మేడం వెనక్కి కొట్టేస్తారు. పీజీ గదిలో ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, ఫోను నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా పెట్టి చదివితే చాలు. 'పెర్రో' దగ్గర తెరమీద రెండు మూడు సన్నటి ఖాళీ చారలు వరసగా కనబడితే నాలుక ఆడినట్టు, ఒకటే కనబడితే మీరు పలికింది 'పెరో'.

ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం (స్ట్రెస్), మనకి కొత్త. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు కాబట్టి ఊనిక అనగానే అచ్చు సాగదీస్తాం. 'తెర్మినో' అనే మాటలో ఊనిక తె మీదైతే గడువు, మి మీదైతే ముగిస్తాను, నో మీదైతే ముగించాడు. రాతలో ఈ తేడా చూపేది అచ్చు మీది చిన్న గీత. అది మరిస్తే ఒక్కోదానికి అర మార్కు కోత. ఈ కోత అన్యాయమని సగం మంది, న్యాయమేనని సగం మంది. గీత మారితే కాలమే మారిపోతుంది కాబట్టి మేం రెండో పక్షం.

రెండో సెమిస్టర్ వాక్యనిర్మాణం. డబ్బులు గిట్టుబాటయ్యేది ఇక్కడ. నమూనా వాక్యాన్ని ముందు మీ మాతృభాషలో రాయమంటారు, తర్వాతే స్పానిష్. క్లాసులో కన్నడ, తమిళ, మలయాళ పిల్లలు కూడా ఉంటారు కాబట్టి బోర్డు నిండిపోతుంది. 'నేను బస్సు చూశాను' అనొచ్చు కానీ 'నేను అక్క చూశాను' అనం, 'అక్కని' అనాల్సిందే. స్పానిష్ కూడా అంతే, బస్సుకి ఏమీ పెట్టదు, అక్క ముందు 'ఆ' పెడుతుంది: 'బీ ఎల్ ఆవుతోబూస్', 'బీ ఆ మి ఎర్మానా'. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళకి హిందీ 'కో' ఉంది. పాపం ఇంగ్లిష్ ఒక్కటే ఆనవాలు లేకుండా నిలబడుతుంది. 'నాకు కాఫీ ఇష్టం' అన్న మన పద్ధతే 'మె గుస్తా ఎల్ కఫే'లోనూ ఉంటుంది కాబట్టి 'నాకు' దగ్గర ఎవరూ తప్పరు. తప్పేది క్రియ దగ్గర. మామిడిపళ్ళు అన్నప్పుడు 'గుస్తా' కాస్తా 'గుస్తాన్' కావాలి.

తెలుగు మోసం చేసే చోట్లూ ఉన్నాయి. 'ఆమె డాక్టర్' అని మనం క్రియ లేకుండా చెప్పేస్తాం. అక్కడ స్పానిష్ క్రియ 'ఎస్' ఎగరగొట్టిన పేపర్లు ఏటా బోలెడు. ఇంకోటి ఇంకా లోతైనది. 'తెలుగు మాట్లాడే డాక్టర్ కోసం వెతుకుతున్నాను' అంటే ఫలానా డాక్టరా, ఎవరైనా సరేనా? మన వాక్యం చెప్పదు. స్పానిష్ చెప్పి తీరాలి. ఎవరైనా సరే అంటే 'బుస్కో ఉన్ మెదికో కె ఆబ్లె తెలుగు'. మనిషి అయినా 'ఆ' లేదు, క్రియ 'ఆబ్లె'. ఫలానా ఆయన కోసమైతే 'బుస్కో ఆ ఉన్ మెదికో కె ఆబ్లా తెలుగు'. ఈ ఒక్క జంట మీద మేడం రెండు క్లాసులు నడుపుతారు, ఎక్కువనిపించదు. పరీక్షలో జవాబుకి రెండు మార్కులైతే కారణానికి మూడు. జవాబు తప్పినా కారణం సరిగా నడిస్తే మూడూ వేస్తారు. పాస్ మార్కుల కోసం తంటాలు పడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

మూడో సెమిస్టర్‌లో స్పానిష్‌కి తల్లి భాష లాటిన్ నుంచి స్పానిష్ దాకా. అరవై లాటిన్ మాటల కాగితం ఇస్తారు, ఒక్కోదాన్ని మెట్టు మెట్టుగా దించుకు రావాలి. ఇక్కడ క్రమం తప్పితే లెక్క తప్పుతుంది. 'లుపుమ్' తోడేలు, అచ్చుల మధ్య ప బ అయ్యి 'లోబో' అయింది. 'కుప్పమ్' (మన కుప్పం కాదు) 'కోపా' (కాడ ఉన్న గ్లాసు) అయింది, 'కోబా' కాలేదు. ఎందుకంటే ప బ గా మారే పని ముందు జరిగి, ప్ప ఒక్క ప గా తగ్గే పని ఆ తర్వాత జరిగింది. క్రమం తిరగేస్తే 'కోబా' వస్తుంది, సున్నా వస్తుంది. అలాగే ఊనిక ఉన్న పొట్టి ఒ 'వె' అవుతుంది కాబట్టే తలుపు 'పొర్తా' కాస్తా 'ప్వెర్తా' అయింది. ఊనిక తప్పుకుంటే ఆ మార్పు ఉండదు, అందుకే 'ప్వెదో' (నేను చేయగలను) కానీ 'పొదేమోస్' (మేం చేయగలం). మొదటి సంవత్సరంలో మినహాయింపులని బట్టీ పట్టిన ఇలాంటి ఒ-వె క్రియల పట్టిక అంతా ఈ ఒక్క ముక్కతో విడిపోతుంది. మాట మొదటి ఫ ఎగిరిపోయి పిండి 'అరీనా' అయింది, కానీ 'వె' ముందు ఫ నిలిచి నిప్పు 'ఫ్వెగో' అయింది. ఈ మినహాయింపు ప్రశ్నగా వచ్చి తీరుతుంది.

నాలుగో సెమిస్టర్ మాండలికాలు నిరాశే. బ్వేనోస్ ఐరెస్‌లో య బదులు పలికే 'ష', కరీబియన్ తీరంలో జారిపోయే స, 'నువ్వు' అనడానికి 'బోస్' వాడకం, అన్నీ ఉన్నాయి గానీ అన్నీ పరుగే. ఆడియో క్లిప్పులు పాతవి, క్లాసు స్పీకరు గరగర. మెక్సికో, కొలంబియా క్లయింట్లతో మాట్లాడాల్సిన ఉద్యోగానికి పోయేవాళ్ళకి పనికొచ్చే పేపరు ఇదొక్కటే, ఇదే పలచన.

ఇక ఫిర్యాదులు. దిద్దిన అసైన్‌మెంట్లు నెల దాటితే గానీ చేతికి రావు, ఈలోపు అదే తప్పు తర్వాతి దాంట్లోనూ చేసేసి ఉంటాం. జిరాక్సు నోట్సు 2010కి ముందువి. వాటిలో అక్షరమాల 29 అక్షరాలని ఉంటుంది, ఆ ఏడాది స్పానిష్ అకాడమీ 'చ', 'య్య' అని పలికే రెండక్షరాల జంటలని తీసేసి 27 చేసింది. 'గియోన్' (హైఫన్) అనే మాట మీది గీత కూడా అప్పుడే పోయింది. పరీక్షలో కొత్తదే రాయండి, మేడం ఒప్పుకుంటారు. ఇంక డేలే బి2, అంటే స్పానిష్ అధికారిక సర్టిఫికెట్ పరీక్షలో బి2 స్థాయి, రాసేవాళ్ళు విడిగా సంభాషణ క్లాసు చూసుకోక తప్పదు. అందులో చదవడం, రాయడం ఒక జట్టు, వినడం, మాట్లాడటం ఇంకో జట్టు. ఒక్కో జట్టులో 50కి 30 రావాలి. ఈ క్లాసు మొదటి జట్టుని దాటిస్తుంది, రెండోదాన్ని మీకే వదిలేస్తుంది.

క్లాసు పొద్దున ఎనిమిదికి. పది నిమిషాలు దాటితే హాజరు వేయరు, సిల్క్ బోర్డు ట్రాఫిక్ అని చెప్పినా ఉపయోగం లేదు. హాజరు 75 శాతం లెక్క దగ్గర మెతకతనం ఏమీ ఉండదు. సందేహం ఉంటే వాట్సాప్‌లో అడగొద్దు, జవాబు రాదు. వాక్యం, మీ విశ్లేషణ, ఎక్కడ ఆగిపోయారో మూడు వరుసల్లో మెయిల్ చేసి మర్నాడు మధ్యాహ్నం గదికి వెళ్తే, అదే వాక్యం బోర్డు మీద రాసుకుని కూర్చుని ఉంటారు.