నీళ్ళ తొట్టి దగ్గర గడిచే పూట: ఒక ప్లేగ్రూప్ గురించి

రెండేళ్ళు దాటిన మా అమ్మాయిని నాలుగు నెలలుగా ఒక ప్లేగ్రూప్‌కు పంపుతున్నాము. మొదటి రెండు వారాలు తల్లిదండ్రులు గదిలో ఒక మూల కూర్చోవచ్చన్న నియమం ఉండడం వల్ల, అక్కడి ఆటలను నేను దగ్గరగా చూడగలిగాను.

అన్నిటికంటే నాకు నచ్చింది నీళ్ళ తొట్టి. పిల్లల నడుము ఎత్తున్న తొట్టిలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు, రెండు గరాట్లు, అడుగున చిల్లులున్న డబ్బాలు, చిన్నా పెద్దా గిన్నెలు, ఒక స్పాంజి, ఇంతే సరంజామా. ఒకరోజు మా అమ్మాయి పెద్ద గిన్నెలోని నీళ్ళను చిన్న గిన్నెలోకి వంపుతూ, అవి పొర్లిపోవడం చూసి ఆశ్చర్యపోతూ, అదే పనిని దాదాపు ఇరవై నిమిషాలు చేసింది. పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్న టీచర్ "అలా కాదమ్మా" అనలేదు, "ఎన్ని గిన్నెలున్నాయో చెప్పు" అంటూ పాఠమూ మొదలుపెట్టలేదు, పాప తలెత్తి తనవైపు చూసినప్పుడు మాత్రం "నిండిపోయింది కదూ!" అన్నారు. నిండడం, ఒలకడం, ఎక్కువ, తక్కువ అన్నవి ఈ వయసులో చేతుల ద్వారానే ఒంటబడతాయని తెలిసినవారే అంతసేపు ఊరుకోగలరు; నాకైతే అంత ఓపిక లేదు. ఆ కాసిని నీళ్ళు కూడా పసిపిల్లలకు ప్రమాదమే కనుక, తొట్టి దగ్గర ఒకరు కదలకుండా ఉంటారు, ఆట ముగియగానే నీళ్ళు పారబోస్తారు.

పాప ఎవరితోనూ కలవడం లేదని మొదట్లో దిగులుపడ్డాను. ఒకే రకం బొమ్మలతో పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడాన్ని అమెరికన్ పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో ప్రచురించిన అధ్యయనంలో సమాంతర క్రీడగా గుర్తించారని, రెండేళ్ళ పిల్లల్లో అది సహజమేనని టీచర్ వివరించారు. అందుకే అక్కడ ఒకే రకం తోపుడు బండ్లు మూడేసి ఉంటాయి, "పంచుకోండి" అన్న ఒత్తిడి ఉండదు, పెనుగులాటలూ తక్కువే.

చెక్క దిమ్మెలు, పిండిముద్ద, పాటలు అన్నిచోట్లా ఉండేవే, ఇక్కడా బాగానే ఉన్నాయి. ఆరుబయట ఆట మాత్రం పావుగంటకు మించడం లేదు. ఏడాది నుంచి మూడేళ్ళలోపు పిల్లలకు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాల శారీరక కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ లెక్కన మిగతా భారమంతా ఇంటి మీదే పడుతోంది.

ఇంతకంటే తీవ్రమైన లోపం ఒకటి చూశాను. దారానికి గుచ్చే ఆటలో శనగగింజంత పూసలు పెట్టారు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో, బొమ్మల భద్రతను పరీక్షించడానికి వాడే, సుమారు 3.17 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో ఇమిడిపోయేంత చిన్న భాగాలను అమెరికా నిబంధనలు నిషేధిస్తాయి, ఎందుకంటే అవి గొంతుకు అడ్డుపడతాయి. చెప్పిన మరునాడే పూసలు తీసేసి, వాటి స్థానంలో పెద్ద చెక్క కడ్డీలు, రింగులు పెట్టారు.

నా రెండో ఫిర్యాదును మాత్రం వారు పట్టించుకోలేదు. ప్రతి శుక్రవారం నీళ్ళ తొట్టిని మూలకు నెట్టి, తల్లిదండ్రులకు చూపించడానికి బొమ్మలు అతికిస్తారు. మా ఇంటికొచ్చిన సీతాకోకచిలుక రెక్కలు ఎంత తీరుగా కత్తిరించి ఉన్నాయంటే, అందులో మా అమ్మాయి చేయి పడిందనుకోవడానికి అంచున ఉన్న జిగురు మరకే ఆధారం. వారానికి నాలుగు రోజులు సంతోషంగా పంపుతున్నాను, శుక్రవారం ఇంట్లోనే ఉంచుకుంటున్నాను.