గాంధీ కొత్త సిరీస్ నోట్లు, కొత్త బిళ్లలు: గల్లాపెట్టె దగ్గర పనితనం ఎంత?

ఆదోని యార్డులో పత్తి అమ్మిన రైతు చేతికొచ్చే ఐదువందల నోటు కూడా పత్తి కాయితమే. చెమటకు తడిసినా చివకకుండా నిలబడేది అందుకే. గట్టిదనంలో ఈ నోటుకు వంక పెట్టలేం. దొంగనోటును పట్టించడంలోనూ మంచి మార్కులే వేయొచ్చు.

నోటును అటూ ఇటూ వంచండి. మధ్యలోని దారం ఆకుపచ్చ నుంచి నీలానికి తిరగాలి. కింద కుడిపక్క రూపాయి గుర్తుతో ఉన్న 500 అంకె కూడా అట్లే తిరగాలి. వెలుతురుకు ఎత్తితే ఖాళీ జాగాలో గాంధీ బొమ్మ, పక్కనే 500 కనపడాలి. రెండు అంచుల్లో ఐదేసి ఏటవాలు గీతలు గోటికి తగలాలి. నలిగిన నోట్లలో ఈ గరుకు అరిగిపోతుంది కాబట్టి గీతలకన్నా దారాన్నే నమ్ముకోవడం మేలు. ఇప్పుడు చేతులు మారుతున్న నోట్లలో రంగు మారే అంకె 200, 500 వాటికే ఉంటుంది. వంద నోటులో దాని కోసం వెతకొద్దు.

దొంగనోట్లు పట్టే నీలి (యూవీ) లైటు పెట్టుకున్న అంగళ్లవాళ్లకు ఒక మాట. అసలు నోటు కాయితం ఆ లైటు కింద మెరవదు, నంబర్లు, కాయితంలోని సన్నటి రంగు పోగుల్లాంటివే మెరుస్తాయి. అయితే చొక్కా జేబులో మర్చిపోయి సబ్బుపొడిలో ఉతికిన మంచి నోటు కూడా తెల్లగా మెరుస్తుంది. సబ్బుపొడిలోని తెలుపునిచ్చే మందు కాయితానికి పట్టడమే కారణం. ఒక్క లైటు చూసి నోటును వెనక్కి కొట్టొద్దు. నంబరు మధ్యలో నక్షత్రం గుర్తుంటే అదీ మంచి నోటే. అచ్చులో చెడిపోయిన దాని బదులు వేసింది.

అసలు లోపం కొలతల్లో ఉంది. యాభై నుంచి ఐదువందల దాకా అన్నిటి వెడల్పూ 66 మిల్లీమీటర్లే. పొడవు వందకు 142, రెండొందలకు 146, ఐదువందలకు 150. చూపు లేనివాళ్లు నాలుగు మిల్లీమీటర్ల తేడాను వేళ్లతో ఎట్లా పట్టుకుంటారు? పాత ఐదువందలు 167 మిల్లీమీటర్లు ఉండేది. వందకు త్రికోణం, ఐదువందలకు వృత్తం ఉబ్బెత్తుగా ఇచ్చారు గానీ అవీ అరిగేవే. రంగుల ఎంపికా గొప్పగా లేదు. పొద్దుగూకాక సంతలో మసక బల్బు కింద ఇరవై, రెండొందలు రెండూ పసుపే. నోటు వెనక పదిహేను భాషల పట్టీలో తెలుగు కింది నుంచి రెండోది. భూతద్దం పెట్టుకుని చదవాల్సినంత చిన్నది.

బిళ్లల్లో ఇరవై రూపాయలదే మేలు. పన్నెండు పలకలు కాబట్టి చూడకుండానే తెలుస్తుంది. 2011 నమూనా రూపాయి, 2019 నమూనా రెండు రూపాయల బిళ్ల మాత్రం తికమకే. రెండూ స్టీలే, అడ్డకొలత సుమారు 22, 23 మిల్లీమీటర్లు.

పది రూపాయల బిళ్లను వెనక్కి తోసే అంగళ్లు మన సీమలో ఇంకా ఉన్నాయి. రూపాయి గుర్తు లేదనేది వాళ్ల అభ్యంతరం. ఆ గుర్తు వచ్చిందే 2010లో, అంతకుముందు బిళ్లల మీద ఎట్లా ఉంటుంది? పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది.

చినిగిన నోటు సంగతి. యాభై, ఆపైవాటికి పెద్ద ముక్క 80 శాతం మించి ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 దాకా ఉంటే సగం. ఇరవై, అంతకు లోపువాటికి సగం మించి ఉంటే పూర్తి, లేదంటే ఏమీ రాదు. టేపు అంటించేముందు రెండు ముక్కల మీదా నంబరు ఒకటేనేమో చూసుకోండి.