జిప్సీ ముందు యాక్సిల్‌లో క్రోమోలీ షాఫ్ట్‌లు: మూడు వర్షాకాలాల తర్వాత

31 అంగుళాల టైర్లు, ముందూ వెనకా లాకర్లు (యాక్సిల్ రెండు చక్రాలనూ కలిపి తిప్పేవి), ట్రాన్స్‌ఫర్ కేసులో (బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె) 4.16 గేర్లు. ఇంత మార్చిన జిప్సీలో ముందు చక్రాలను తిప్పే పాత షాఫ్ట్‌లు ఎందుకు నిలవవో లెక్క వేస్తే తెలిసిపోతుంది. తక్కువ వేగపు (లో) గేరు నిష్పత్తి 2.268 నుంచి 4.16 అయితే షాఫ్ట్ మీద పడే టార్క్ (తిప్పే బలం) 83 శాతం పెరుగుతుంది. నల్లరేగడి బురదలో చక్రం జారుతుంది కాబట్టి షాఫ్ట్ బతికిపోతుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ బండల మీద టైరు పట్టు వదలదు, బలమంతా షాఫ్ట్ చివర చక్రం దగ్గరుండే జాయింటే భరించాలి. పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంటే జాయింటు లోపలి గుండ్లు గాడుల అంచుకు వచ్చేస్తాయి. అప్పుడే గుండ్లను పట్టి ఉంచే కేజ్ పగిలేది, జాయింటు బయటి గిన్నె (బెల్) చీలేది.

ఈ విషయంలో 4340 అనే క్రోమోలీ స్టీలుతో చేసిన ఈ షాఫ్ట్‌ల, జాయింట్ల సెట్టును ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఇప్పటిదాకా ఒక్క జాయింటూ పగల్లేదు. బిగించే ముందు షాఫ్ట్ పొడవునా పెయింటుతో సన్నటి గీత గీయడం మంచిది. షాఫ్ట్ మెలిపడితే గీత కూడా మెలితిరుగుతుంది. మా దాంట్లో గీత ఇంకా తిన్నగానే ఉంది.

"బిగించాక ఇక యాక్సిల్ వైపు చూడక్కర్లేదు" అని మొదట్లో నలుగురికీ చెప్పాం. అది తప్పు. ఆరో నెలలో ఎడమ నకిల్ (యాక్సిల్ చివర స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) నుంచి కారడం మొదలైంది. లోపలి సీలు పోయి, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) ఆయిల్ గ్రీజులో కలిసి పల్చటి జావలా అయింది. సీలు నాసిరకమనుకుని మార్చాం. రెండు నెలలకే మళ్లీ అదే తంతు. అప్పుడు కొలిచి చూశాం. బండిని చదును నేల మీద నిలిపి, తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు దారాన్ని చక్రం పక్కన వేలాడదీసి, దారం నుంచి రిమ్ పై అంచుకూ కింది అంచుకూ ఎంత దూరమో కొలవాలి. కాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం) 1 డిగ్రీ ఉంటే 400 మి.మీ. ఎత్తుకు పైభాగం 7 మి.మీ. బయటికి వాలి ఉండాలి. కుడివైపు సరిగ్గా 7. ఎడమవైపు మాత్రం పైభాగం 5 మి.మీ. లోపలికి వాలింది. స్ప్రింగు సీటుకు బయట, నకిల్ గోళానికి దగ్గర్లో షాఫ్ట్‌ను కప్పి ఉండే హౌసింగ్ ట్యూబే వంగింది. ట్యూబు వంగితే షాఫ్ట్ సీలుకు నడిమధ్యన తిరగదు, సీలు పెదవిని ఒక పక్కకే నొక్కుతుంది. ఎన్ని సీళ్లు మార్చినా అంతే. స్పిండిల్ (చక్రం తిరిగే బోలు ఇరుసు) లోపలి కంచు బుష్ కూడా ఒక పక్కకే అరిగింది.

షాఫ్ట్‌ల వల్ల ట్యూబు వంగలేదు. ఒకప్పుడు జాయింటు పగిలి బండి ఆగిపోయే చోట ఇప్పుడు ఆగకుండా వెళ్తోంది, ఆ తర్వాతి దెబ్బలన్నీ ట్యూబే తింటోంది. ముందున్న వించ్ (బండిని లాగే తాడు యంత్రం), ఇనప బంపర్ బరువు, స్పేసర్లతో బయటికి జరిగిన చక్రం దానికి తోడయ్యాయి.

ట్యూబును తిన్నగా చేయించి పైన ట్రస్ (బలానికి వెల్డ్ చేసే ఇనప చట్రం) వేయించాం. వెల్డింగ్ ఒకే ఊపున లాగించకూడదు. 25 మి.మీ. చొప్పున, ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతి అతుకు. లేదంటే వెల్డింగే ట్యూబును మళ్లీ వంచుతుంది. స్పేసర్లు తీసేశాం. ఆ తర్వాత సీలు కారలేదు.

ప్రతి ట్రిప్పు తర్వాత చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగితే ఇంకొకరిని బ్రేక్ తొక్కమని మళ్లీ ఊపండి: ఆగిపోతే వీల్ బేరింగ్, అప్పటికీ ఊగితే కింగ్‌పిన్ (నకిల్ తిరిగే కీలు) వదులైనట్టు. డిఫరెన్షియల్ ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే. వేడి యాక్సిల్ ఒక్కసారి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల గుండా నీటిని లాగుతుంది, అందుకే బ్రీదర్ (యాక్సిల్‌కు గాలి ఆడే) గొట్టాన్ని ఇంజిన్ గదిదాకా పైకి తేవాలి.

ముందు లాకర్ లేకుండా, 2.268 గేరుతోనే ఎక్కువగా బురదలో తిరిగే బండికి ఈ ఖర్చు అక్కర్లేదనిపిస్తుంది. రెండు పాత జాయింట్లు డిక్కీలో ఉంచుకుంటే చాలు. మా బండిలాంటి దానికైతే మళ్లీ ఇవే కొంటాం, కానీ ట్రస్ వేయించాకే.