ఉద్యోగులకు ఏఐ అలవాటు చేయడానికి ఏది మేలు: ఒక్క రోజు క్లాసా, పక్క కుర్చీ చదువా?

మిర్యాలగూడలో రైస్ మిల్లు అనగానే అందరికీ హాలర్లు, బాయిలర్లు, ఊక కుప్పలు గుర్తుకొస్తాయి గానీ, ప్రతి మిల్లులోనూ కాటా పక్కన ఒక చిన్న ఆఫీసు గది కూడా ఉంటుంది. కాటా చీటీలు, ట్యాలీ లెక్కలు, ఈ-వే బిల్లులు (సరుకు లారీతో పాటు ఉండవలసిన జీఎస్టీ పత్రాలు), పౌరసరఫరాల శాఖకు రాసే ఉత్తరాలు అన్నీ అక్కడి నుంచే కదులుతాయి. నేను పనిచేసేది అలాంటి గదిలోనే. మొత్తం తొమ్మిది మందిమి. పెద్ద గుమస్తా గారు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవారు, అందరికంటే చిన్నవాడు నిరుడే డిగ్రీ పూర్తి చేసినవాడు. చాట్‌జీపీటీ, జెమినీ వంటి ఏఐ యాప్‌లు వాడాలని యజమాని అనుకున్నప్పుడు మా ముందు మూడు దారులు నిలిచాయి: బయటి నుంచి శిక్షకుణ్ణి పిలిపించి ఒక రోజు క్లాసు పెట్టించడం, మాలోనే తెలిసినవాణ్ణి ఒక్కొక్కరి పక్కన కూర్చోబెట్టి నేర్పించడం, లేదా ఎవరి ఫోనులో వారు వీడియోలు చూసి నేర్చుకోవడం. ఈ మూడింటినీ మేము ఏదో ఒక మేరకు చూసినవాళ్లమే కాబట్టి, తూకం వేసి చెప్పగలననుకుంటున్నాను.

ముందుగా క్లాసు సంగతి. హైదరాబాదు నుంచి వచ్చిన శిక్షకుడు చక్కగానే మాట్లాడారు. తెర మీద సెలవు చీటీ రాయించారు, పండుగ శుభాకాంక్షల బొమ్మ వేయించారు, ఇంగ్లీషు ఈమెయిల్‌ను మర్యాదగా మార్పించారు. అందరం ఆశ్చర్యపోయాం, భోజనాలు చేశాం, ధ్రువపత్రాలు తీసుకున్నాం. మరునాడు కుర్చీలో కూర్చున్నాక మాత్రం ఎవరికీ ఏం అడగాలో తోచలేదు, ఎందుకంటే ముందురోజు చూపించిన పనుల్లో ఒక్కటీ మేము రోజూ చేసేది కాదు. మా గదిలో ‘ఏసీకే’ అంటే 290 క్వింటాళ్ల బియ్యం, అంటే 50 కిలోల సంచులు 580. ఆ మాట శిక్షకునికి తెలియదు, ఆయన చూపిన ఏఐ యంత్రానికీ తెలియదు. తెలియనందుకు వారిని తప్పుపట్టలేం; కానీ తెలియని చోట నేర్పిన చదువు పనిలోకి దిగదు.

పక్క కుర్చీ చదువు దీనికి పూర్తిగా భిన్నంగా సాగింది. చిన్నవాడు రోజుకు అరగంట చొప్పున ఒక్కొక్కరి దగ్గర కూర్చునేవాడు. నేర్పడానికి వేరే పాఠం లేదు, నిన్న మిగిలిన పనే పాఠం. ఒకరోజు పెద్ద గుమస్తా గారి బల్ల మీది చేతిరాత చీటీలను ఫొటో తీసి, వాటిని పట్టికగా మార్చమన్నాడు. నిమిషంలో పట్టిక వచ్చింది. గుమస్తా గారు కళ్లజోడు సవరించుకుని వరుసలు చూస్తూ ఒక చోట వేలు పెట్టి, ‘‘కోతలు మొదలైన వారంల తేమ 11 ఏడికెల్లి వస్తది బిడ్డా?’’ అన్నారు. చీటీ తీసి చూస్తే అది 17. ఏడు అంకె తల కొంచెం చిన్నగా పడేసరికి యంత్రం ఒకటిగా చదువుకుంది. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం దాటకూడదన్నది నియమం కాబట్టి, ఆ గడిలో 17కూ 11కూ ఉన్న తేడా చిన్నది కాదు.

ఆ అరగంటలో నేర్చుకున్నది గుమస్తా గారొక్కరే కాదు. యంత్రం ఎలా వాడాలో ఆయనకు తెలిసింది, యంత్రాన్ని ఎక్కడ నమ్మకూడదో చిన్నవానికి తెలిసింది. ఆ తర్వాతి వారం వడ్ల లెక్క అడిగినప్పుడు యంత్రం బాయిల్డ్ (ఉప్పుడు) బియ్యానికి కూడా క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం చొప్పున లెక్క కట్టింది. 67 పచ్చి బియ్యానికి, బాయిల్డ్‌కు 68. ఒక ఏసీకే బియ్యానికి కావలసిన వడ్లలో ఆ ఒక్క కిలో తేడా 6 క్వింటాళ్లు దాటుతుంది. ఈసారి దాన్ని పట్టుకున్నది చిన్నవాడే. అసలు మిల్లులో చదువు ఎప్పుడూ ఇలాగే సాగింది. రంగు మారిన గింజను కెమెరాతో గుర్తించి ఊది పడేసే సార్టెక్స్ మిషను వచ్చినప్పుడు కూడా మాకు తెలిసిన ఆపరేటర్లు పాత ఆపరేటరు పక్కన నిలబడే నేర్చుకున్నారు.

అయితే ఈ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. నేర్పేవాడు తప్పుగా తెలుసుకున్నది అందరికీ అంటుకుంటుంది. ఈ-వే బిల్లు గడువు రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున అని యంత్రం చెప్పగా, చిన్నవాడు దాన్నే నలుగురికి చెప్పాడు. అది పాత నియమం. 2021 జనవరి 1 నుంచి రోజుకు 200 కిలోమీటర్లు. అంటే 450 కిలోమీటర్ల దూరానికి ఐదు రోజులు కాదు, మూడే రోజులు. బిల్లు మీద గడువు పోర్టలే వేస్తుంది గానీ, డ్రైవరుకు నోటితో చెప్పేది మేమే కదా. 25 కిలోల ప్యాకింగు సంచుల లోడుతో వెళ్లిన లారీ ఒకటి, ఐదు రోజుల గడువు ఉందనుకుని, తీరిగ్గా దారిలో ఆగింది. గడువు ముగిసిన తర్వాత కూడా 8 గంటల్లోపు పొడిగించుకునే వీలుండబట్టి గట్టెక్కాం.

క్లాసుకు విలువ ఉన్నది సరిగ్గా ఇక్కడే. అందరికీ ఒకే మాట, ఒకే రోజు, యజమాని కూడా కూర్చుని వినేలా చెప్పవలసినవి కొన్ని ఉంటాయి. రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న కాగితాలను ఉచిత యాప్‌లోకి ఎక్కించకూడదన్నది అలాంటిది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద విషయంగా మాత్రమే మిగలలేదు. పక్క కుర్చీలో ఈ జాగ్రత్త ఒకరికి చెప్పి మరొకరికి మరిచిపోవచ్చు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లోని మందుల కంపెనీల వంటి చోట్ల అయితే క్లాసే ముందుండాలి, ఎందుకంటే అక్కడ ప్రతి పనికీ రాతపూర్వకమైన పద్ధతి ఉంటుంది, శిక్షణ పొందినట్టు సంతకం లేకుండా మనిషిని ఆ పనికి పెట్టకూడదు. అలాంటి చోట ‘పక్కవాడు చెప్పాడు’ అన్న సమాధానం తనిఖీలో నిలవదు.

వీడియోల దారి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 2023లో మొదలైన నల్లగొండ ఐటీ హబ్‌లోనో, మహబూబ్‌నగర్ దివిటిపల్లి ఐటీ టవర్‌లోనో పనిచేసే యువతకు అది చాలు. మా గదిలో మాత్రం అది ఇంటికి వెళ్లాక జీతం లేకుండా చేసే పనిగా మారింది. బిల్లింగ్ చూసే అక్క, ‘‘రాత్రి వంట చేయాల్నా, వీడియో చూడాల్నా?’’ అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

మూడు దారుల్లోనూ ఉమ్మడిగా ఒక చిక్కు ఉంది, అది భయం. క్లాసు అయిన రోజు సాయంత్రం గుమస్తా గారు నన్ను పక్కకు పిలిచి, ‘‘గిదంత నేర్సుకున్నంక నన్ను ఉంచుతరా?’’ అని అడిగారు. క్లాసులో యాభై ప్రశ్నలకు చోటు దొరికింది గానీ ఈ ప్రశ్నకు దొరకలేదు. ఆయన దాన్ని రెండోసారి అడిగింది పక్క కుర్చీలోనే. విన్న చిన్నవాడు వెళ్లి యజమానికి చెబితే, ఈ సీజనులో ఎవరినీ తీసేది లేదని, యంత్రం తయారుచేసిన ప్రతి పట్టికా గుమస్తా గారి సంతకం లేకుండా బయటికి పోకూడదని ఆయన అందరి ముందూ చెప్పారు. చీటీల పట్టికలో పొరపాట్లు వెతికే ఓపిక గుమస్తా గారికి ఆ మాట తర్వాతే వచ్చిందని నా నమ్మకం.

కాబట్టి మా వంటి చిన్న ఆఫీసుకు పక్క కుర్చీ చదువే మేలని నేనంటాను. అయితే నియమాలు చెప్పే రెండు గంటల క్లాసు దానికి ముందు ఉండాలి. చిన్నవాడు చెప్పే ప్రతి నియమాన్నీ శాఖ పోర్టల్‌లో చూసి ధ్రువపరిచే బాధ్యత మరొకరికి అప్పగించాలి. ఆ అరగంట పనివేళల్లోంచే తీయాలి. ఇక ఎప్పుడు మొదలుపెట్టాలన్నదీ ముఖ్యమే. వానాకాలం వడ్లు దిగే అక్టోబరు, డిసెంబరు మధ్యలోనో, యాసంగి వడ్లు దిగే ఏప్రిల్, మే నెలల్లోనో కాటా ముందు లారీలు బారులు తీరి ఉన్నప్పుడు ఎవరి పక్కనా ఎవరూ కూర్చోలేరు. మేము ఆగస్టులో, గుమస్తా గారి బల్ల మీద చీటీల కట్టలు పలుచబడ్డాక మొదలుపెట్టాం.